ఏ బంధుత్వమూ లేదు

మూడుంపావు అయింది. వెర్లీన్ పెద్దమ్మ ఇంకా లేవలేదు. లేపితే లేస్తుంది, ఆవిడది కోడి కునుకే, కానీ టమియాకి చెయ్యి రావడం లేదు. సంచిలో కాగితం ఉంది. అయిదు గంటల్లోపు దాని మీద పెద్దమ్మ చేత సంతకం పెట్టించి, ఫోనులో ఫోటో తీసి పంపాలి. పంపకపోతే లార్క్‌ఫీల్డ్ నిధి వాళ్ల స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, అది ఆగితే నర్సింగు ఆఖరి ఏడాది లేదు, అమ్మ పేరు మీద ఇంకో అప్పు పుట్టదు, ఉన్న అప్పుకే ఆవిడ శని ఆదివారాలు కూడా పనికి పోతోంది. ఇంతే సంగతి. ఒక్క సంతకం. దీనికి ఇంతగా వెనకాడటం ఎందుకో, వాసన వల్లనేమో అనుకుంది. మంచం కొసన దిండు మీద పెట్టిన కుడికాలు, పిక్క దాకా కట్టు, ఆ కట్టులోంచి తియ్యటి కుళ్లు వాసన, దాని మీద పుదీనా మందు, దాని మీద జుట్టునూనె, ఆ పైన చర్చి వాళ్లెవరో తెచ్చిపెట్టిన గులాబీ సెంటు. షుగరు తినేసిన కాలు. సోమవారం పొద్దున మోకాలి కిందికి తీసేస్తారు. నర్సు కాబోయేదానివి, ముక్కు అలా ముడిస్తే రోగులు నీ మొహం చూసే పోతారే అని మంగళవారం పెద్దమ్మే వెక్కిరించింది.

టీవీలో మాట వినపడకుండా ఎవరో గెలిచి గంతులేస్తున్నారు. కిటికీ అవతల మార్చి నెలాఖరు మంచు, తెలుపంతా పోయి బూడిద రంగు తేలి రోడ్డు వార కుప్పలుగా పడి ఉంది. చలికాలమంతా అందులో దాగిన కుక్కల పాడు పనులూ, సిగరెట్ ముక్కలూ, ఒంటి చేతి తొడుగులూ ఇప్పుడు ఒక్కటొక్కటే బయటపడుతున్నాయి. మిల్వాకీలో వసంతం మొదలయ్యేది ఇలాగే. సంచిలోంచి కాగితం తియ్యకుండానే అందులో మాటలన్నీ టమియాకి కనబడుతున్నాయి, నిన్న రాత్రి నుంచి ఎన్నిసార్లు చదివిందో. నాకును పై విద్యార్థికిని మధ్య రక్తసంబంధము గాని, వివాహ సంబంధము గాని, మరి యే ఇతర బంధుత్వము గాని లేదని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను. కింద ఒక ఖాళీ: విద్యార్థితో సంబంధం, మీ స్వహస్తాలతో రాయండి. ఆ స్వహస్తాలు దుప్పటి మీద వెల్లకిలా పడి ఉన్నాయి, అరచేతుల్లో నలభై ఏళ్ల నాటి వేడి నూనె మచ్చలతో. వాటితో ఏం రాయించాలో కూడా వాళ్లే చిన్న అక్షరాల్లో సూచించారు. ఉదాహరణకు: ఏమీ లేదు.

తప్పు తనదే అనుకో. వారం వారం కంప్యూటర్లో నింపాల్సిన పట్టీ ఒకటుంది, తేదీ, చోటు, చేసిన పని, ఎంతసేపు, ఎవరికి చేశావు. ఆ ఆఖరి గడిలో వెర్లీన్ ప్యూ అని రాసి ఉంటే ఏ గొడవా లేకపోయేది. వెర్లీన్ పెద్దమ్మ అని రాసింది, సెప్టెంబరు నుంచి మార్చి దాకా ముప్ఫై రెండు సార్లు, ఒక్కసారైనా అనుమానం రాలేదు. ఎలా వస్తుంది, పెద్దవాళ్లని ఉత్త పేరుతో పిలిస్తే అమ్మ మూతి మీద కొట్టేది, ఆరేళ్లప్పుడు కొట్టింది కూడా, ఈ ఇంటి మెట్ల మీదే, చేతిలో ఐస్‌క్రీమ్ కింద పడేలా. వెర్లీన్ ఎవరే, నీతో గోళీలాడే పిల్లా? అమ్మకి ఆవిడ అక్క కాదు. బడి వంటింట్లో పక్కపక్క పొయ్యిల దగ్గర పద్దెనిమిదేళ్లు నిలబడ్డారు, చర్చిలో ఒకే బల్ల మీద కూర్చున్నారు, అంతే. రక్తం బొట్టు కలవదు. ఆ మాటకొస్తే ఈ వీధిలో ఎవరికి కలుస్తుంది? మూల మీద క్షవరం చేసే లెరాయ్ మామయ్య మామయ్య కాదు, టమియా అన్నా అన్నా అని తిరిగిన వాళ్లలో ఒక్కడూ అన్న కాదు. దక్షిణాన మిసిసిపీ నుంచి, ఆర్కెన్సా నుంచి పని కోసం రైలెక్కి వచ్చిన నల్లవాళ్లు అమ్మమ్మల్నీ అత్తల్నీ పెట్టెల్లో పెట్టుకుని తెచ్చుకోలేకపోయారు, ఇక్కడ దొరికినవాళ్లతో చేసుకున్నారు. ఇవన్నీ ఆ పట్టీకి తెలియవు. సొంత కుటుంబానికి చేసిన పని సమాజ సేవ కిందికి రాదు అని ఒక నిబంధన ఉంది, దానికి అదొక్కటే తెలుసు. ఏడాదికి వంద గంటలు చెయ్యాలి, చేసింది సరిగ్గా వంద, అందులో అరవై నాలుగు ఒక్క గీతతో కొట్టేశారు.

మిస్ పెటిఫర్డ్ తెల్లావిడ అయి ఉంటే కోపం తెచ్చుకోవడం తేలికయ్యేది. కాదు. నిధి ఆఫీసులో పిల్లల వ్యవహారాలు చూసే ఆవిడది కూడా నల్లవాళ్లుండే ఈ ఉత్తరం వైపే, ఆదివారం టోపీ పెట్టుకుని చర్చికి పోయే మనిషే. నిన్న ఫోనులో ఎంత మెత్తగా మాట్లాడిందో. "నాకు తెలీదనుకున్నావా తల్లీ, నాకూ అలాంటి పెద్దమ్మలు ఆరుగురున్నారు. బోర్డులో వాళ్లకి మాత్రం పెద్దమ్మ అంటే అమ్మ తోబుట్టువే." మరి ఉన్నదున్నట్టు చెప్పొచ్చు కదండీ అంది టమియా. "చెప్పాను. నిరుడు ఇంకో కుర్రాడి విషయంలో చెప్పాను. మీవాళ్లలో ఎవరు చుట్టమో ఎవరు కాదో మాకెలా తెలుస్తుందన్నారు. ఆ పిల్లాడికి డబ్బు ఆపేశారు, ఈ కాగితం పుట్టించారు. సంతకం పెట్టించెయ్యి, గొడవ వదిలిపోతుంది." మీవాళ్లలో అన్నారు, ఆవిడ మొహం మీదే, ఆవిడ వాళ్ల బల్ల దగ్గర కూర్చుని ఉండగా. అన్న తర్వాత ఆవిడ ఏం చేసింది? ఫోనులో అప్పుడే గుటక చప్పుడు వినపడింది, కాఫీ తాగుతోంది కాబోలు, ఆ గుటక టమియా చెవిలో నిన్నటి నుంచి అలాగే ఉంది, చీదరగా. అలా మింగి మింగి ఆ కుర్చీలో పదకొండేళ్లుగా ఉంది. తనూ మింగుతుంది, అలవాటవుతుంది.

రంగున్న విద్యార్థుల ఉన్నత విద్యా సహాయం అని దాని పూర్తి పేరు. రెండేళ్ల కిందట ఉత్తరం వచ్చినప్పుడు పరుగెత్తుకొచ్చి చూపిస్తే పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుని చదివి, మా చిన్నప్పుడు రంగున్నవాళ్లకి వేరే అని ఈ మాట మంచినీళ్ల కుళాయి మీద రాసేవాళ్లే, ఇప్పుడు చెక్కు మీద రాస్తున్నారు, పోన్లే బాగుపడ్డారు అంది. ఆ రోజు ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. తర్వాత పసుపుపచ్చ చొక్కాలొచ్చాయి. ముందు నిధి పేరు, వెనక వీపంతా తిరిగి ఇస్తున్నాం అని పెద్ద అక్షరాలు. ఏం తీసుకున్నామని తిరిగివ్వడం? సరస్సు ఒడ్డు పార్కుకి తీసుకుపోయారు, పడవల క్లబ్బు పక్కన, రోజూ మనుషులు ఊడ్చిపోయే చోటు, అక్కడ ఏరడానికి చెత్త లేదు. ఫోటోగ్రాఫరు వచ్చి నిలబడ్డాడు. పది మంది, నల్లవాళ్లు, మెక్సికో వాళ్లు, లావోస్ వైపు నుంచి వచ్చిన మోంగ్ జాతి కుర్రాడొకడు, చేతుల్లో నల్ల సంచులు, సంచులు ఖాళీ. ఆ మోంగ్ కుర్రాడు, టౌ, తన జేబులోంచి చాక్లెట్ కాగితం తీసి గడ్డి మీద వేసి, మళ్లీ తనే కర్రతో పొడిచి సంచిలో వేశాడు, ఫోటో తీశారు, అది ఇప్పుడు వాళ్ల గోడ మీద ఉంది. దానికి నాయకత్వ లక్షణాలు అని పేరు పెట్టి గంటలు రెట్టింపు లెక్క కట్టారు. పుండు కట్టు విప్పి, చీము తుడిచి, ఉప్పునీళ్లతో కడిగి మళ్లీ కట్టినదానికి ఒక్క గంట, అదీ కొట్టేశారు. కాలేజీ గదిలో తనతో ఉండే కైట్లిన్‌కి వాళ్ల తాత క్లబ్బు వాళ్లు ఫీజు కడతారు, ఏటా ఒక ఉత్తరం రాస్తే చాలు, ఎవరి మరుగుదొడ్డి కడిగావని దాన్ని ఎవడూ అడగలేదు. పని చేయించుకుని ఇచ్చేది కూలీ, కూలీ అంటే కూలీ అనే ఇవ్వచ్చు కదా, నీకు చదువు దానం చేశాం, నువ్వు మంచిదానివని నిరూపించు అనడమెందుకు. ఇలా అనుకుంటే కాసేపు బాగుంటుంది. కోపం వేడిగా ఉంటుంది, అందులో కూర్చుంటే మిగతాది కనబడదు.

మిగతాది ఏమిటో టమియాకి తెలుసు. అందుకే లేపడం లేదు.

తొమ్మిదేళ్లప్పటి నుంచి బడి కాగానే ఈ ఇంటికే. అమ్మ వచ్చేసరికి ఎనిమిదయ్యేది. మొక్కజొన్న రొట్టె, ఉడికించిన ఆకుకూర, లెక్కలు, జడలు, శనివారం పొద్దున పెద్దమ్మ మోకాళ్ల మధ్య నేల మీద కూర్చుని తల అప్పజెప్పడం, కదిలితే దువ్వెనతో ఒక్కటి. ఎక్కాలు తప్పితే కూడా దువ్వెనే. పద్దెనిమిదేళ్లు రాగానే కాలేజీ. మొదటి ఏడాది రెండుసార్లు వచ్చింది, రెండో ఏడాది ఒక్కసారి, అదీ అమ్మ పోరితే, పావుగంట కూర్చుని బస్సు వేళయిందని లేచింది. బస్సు వేళ కాలేదు. పెద్దమ్మ కాలు అప్పటికే నల్లబడుతోంది, మేజోడు వేసుకుని కనబడకుండా కూర్చుంది. ఆ తర్వాత మూడో ఏడాది మొదట్లో మిస్ పెటిఫర్డ్ అందరినీ కూర్చోబెట్టి చెప్పింది, చర్చి వంటింట్లో చెయ్యొచ్చు, ఆస్పత్రిలో చెయ్యొచ్చు, చుట్టుపక్కల జబ్బుపడ్డ పెద్దవాళ్లకి కూడా చెయ్యొచ్చు, గంటలు వస్తాయి అని. ఆ మాట విన్న క్షణాన తలలో మెరిసింది ఏమిటి? అయ్యో, పెద్దమ్మ ఎలా ఉందో అని కాదు. పెద్దమ్మ ఇల్లు బస్సు దారిలోనే ఉంది అని. ఆ వారమే వచ్చి, నాకు మంగళవారం, శుక్రవారం ఖాళీ పెద్దమ్మా, వస్తూ ఉంటాను అంది. పెద్దమ్మ మొహం ఎంత విప్పారిందంటే టమియా తల వంచుకుని బూట్లు విప్పుకుంది. ఆ రోజు వెళ్తూ వెళ్తూ బస్సులోనే మొదటి రెండు గంటలు రాసేసుకుంది. అంటే సంచిలో ఉన్న కాగితం అబద్ధమేమీ చెప్పడం లేదు. కుటుంబం కాదనే కదా వచ్చింది. ఈ ఆలోచన వచ్చేసరికి టమియాకి తన ఒళ్లు తనకే రోత పుట్టి, లేచి కిటికీ తియ్యబోయింది, రాలేదు, చలికి బిగుసుకుపోయింది.

"అలా గుడ్లగూబలా కాపలా కాస్తే మనిషికి నిద్రెలా పడుతుందే."

"లేచావా పెద్దమ్మా. నీళ్లు ఇవ్వనా?"

"ముందు నువ్వు మింగుతున్నదేంటో అది కక్కు. ఇందాకటి నుంచీ చూస్తున్నా, ఆ సంచి మీద చెయ్యేసి తీస్తావు, వేస్తావు, తీస్తావు."

నాలుగున్నర అవుతోందేమోనని భయపడి గడియారం చూసింది, మూడూ యాభై. కాలేజీ వాళ్లకి ఒక సంతకం కావాలి అంది. మొదటి పేజీ ఒక్కటే ఇద్దామనుకుంది, కానీ వెనక పట్టీ అంతా కలిపి కుట్టేసి ఉంది, సంతకం పెట్టేవాళ్లు గంటలన్నీ చూసి ఒప్పుకోవాలట. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుంది. నాలుగు వందల మంది పిల్లలకి వండిన వంటిల్లు నడిపిన మనిషి, బంగాళదుంపల బస్తాకైనా చదవకుండా సంతకం పెట్టలేదు. వేలు పెట్టి వరస వరసా చదువుతోంది. టమియా టీవీ చూసింది. కారు గెలుచుకున్నారెవరో. ఆ కారుని ముద్దు పెట్టుకుంటున్నారు.

"నవంబరు పధ్నాలుగు. ఒంటికి నీళ్లు పొయ్యడం, నలభై అయిదు నిమిషాలు. తలకి నూనె, అరగంట." పెద్దమ్మ గొంతులో ఏ మార్పూ లేదు, వంటింట్లో సరుకుల చీటీ చదివే గొంతే. "పక్క మార్చడం, పావుగంట. ఆ రోజు అంతసేపు పట్టిందా? పట్టే ఉంటుందిలే, ఒళ్లు బరువు కదా నాకు. డిసెంబరు రెండు. మానసిక తోడ్పాటు, గంట. ఇదేంటే?"

"అదీ, మాట్లాడుకోవడం పెద్దమ్మా. దానికి వాళ్లు పెట్టిన పేరది."

"డిసెంబరు రెండు అంటే రూఫస్ సంగతి చెప్పిన రోజు."

"అవును."

పెద్దమ్మ భర్త రూఫస్ తోళ్ల ఫ్యాక్టరీలో పడిపోయి ఆ తేదీనే పోయాడు. ఏటా ఆ రోజు ఆయన చొక్కా ఒకటి తీసి ఇస్త్రీ చేసి మళ్లీ మడతపెడుతుంది. ఈసారి నిలబడలేక టమియా చేత చేయించి, ఎవరికీ చెప్పని ముక్క ఒకటి చెప్పింది, ఆ పొద్దున ఆయనతో పోట్లాడి అన్నం డబ్బా ఇవ్వకుండా పంపానని.

"ఆ రోజు ఏడ్చింది నువ్వు కదే. ముక్కు తుడవలేక చచ్చాను. తోడ్పాటు నేను చేశాననుకున్నా." నవ్వింది, నిజంగానే నవ్వింది, బొజ్జ కదిలేలా. "మొత్తం ఎన్నొచ్చాయి?"

"అరవై నాలుగు."

"అందులో నాకూ ఓ నాలుగైదు ఇస్తారేమో కనుక్కో."

టమియా నవ్వబోయింది. మొహం కదిలింది గానీ నవ్వు రాలేదు. పెద్దమ్మ కాగితాలు వెనక్కి తిప్పి సెప్టెంబరు దగ్గర ఆగింది, మొదటి తేదీ దగ్గర వేలు ఆగిపోయింది, చాలాసేపు. చిన్నప్పుడు తను లెక్కలు చేస్తుంటే చూసే చూపు చూస్తుందనుకుంది టమియా, తప్పు ఎక్కడుందో పెద్దమ్మకి ముందే తెలిసిన చూపు. ఆవిడ అసలు చూడలేదు.

"మంగళవారం, శుక్రవారం ఖాళీ అన్నావు."

"ఖాళీయే పెద్దమ్మా."

"ఊఁ."

అడిగితే బాగుండు. తిడితే ఇంకా బాగుండు, దువ్వెన తీసుకుని నెత్తి మీద ఒక్కటి వేస్తే. మొదట్లో అందుకే వచ్చాను గానీ తర్వాత అందుకు కాదు, జనవరిలో మంచు తుఫానుకి బస్సులు ఆగిపోతే రెండు మైళ్లు నడిచి వచ్చాను అని చెప్పుకోవచ్చు. అది నిజం కూడా. కానీ ఆ రెండు మైళ్లు కూడా పట్టీలో ఉన్నాయి, రాకపోకలకు అరగంట అని. ఏది చెప్పబోయినా అది అక్కడ రాసే ఉంది, నిమిషాలతో సహా. పెద్దమ్మ చెయ్యి చాపింది, కలం కోసం అని అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. సంబంధం అన్నచోట, డబ్బాల మీద పప్పు, ఉప్పు, పిండి అని రాసే గుండ్రటి అక్షరాలతో, తొందర లేకుండా, ఏమీ లేదు అని రాసింది. కింద సంతకం. కింద తేదీ. టమియా ఫోటో తీసి పంపింది. నాలుగూ ఇరవై. రెండు నిమిషాల్లో మిస్ పెటిఫర్డ్ నుంచి జవాబు వచ్చింది, అందింది, గంటలు కలిపాం, శుభాకాంక్షలు, పక్కన ఒక పసుపుపచ్చ నవ్వు బొమ్మ. ఆఖరి ఏడాది ఉంది. అమ్మకి చెప్పాలి. చెప్పొచ్చు.

"ఆ సొరుగులో ఆస్పత్రి కవరుంది, ఇలా తే."

ఇచ్చింది. సోమవారం ఆపరేషన్‌కి ముందు ఇచ్చుకోవాల్సిన కాగితాలు, పెద్దమ్మ ఎప్పుడో నింపేసి పెట్టుకున్నవి. మూడో పేజీ తీసింది. దగ్గరి బంధువు అన్న గడిలో టమియా గ్రిగ్స్, చెల్లెలి కూతురు అని ఉంది, ఫోను నంబరుతో సహా. కిందటి జులైలో పెద్దమ్మకి విషజ్వరం పట్టి ఐసీయూలో పడినప్పుడు ఆ ముక్క చెప్పబట్టే టమియాని లోపలికి రానిచ్చారు. అప్పుడు గంటలూ లేవు, పట్టీలూ లేవు, అమ్మ ఫోను చేస్తే పరుగెత్తుకుపోయింది, రెండు రాత్రులు ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంది. అది తనకి ఇప్పటిదాకా గుర్తే రాలేదు. పెద్దమ్మ ఆ పేరు మీద ఒక గీత గీసింది. నంబరు మీద ఇంకో గీత.

"ఎందుకు పెద్దమ్మా కొట్టేస్తున్నావ్?"

"ఒక కాగితంలో చెల్లెలి కూతురని, ఇంకో కాగితంలో ఏమీ కాదని ఉంటే రేపెవడైనా పట్టుకుంటాడు. నీ చదువుకే ఎసరొస్తుంది. కాగితాల వాళ్లతో నేను నలభై ఏళ్లు పడ్డాను, నాకు తెలుసు."

ఎవరూ చూడరు. ఆ ఆస్పత్రికీ ఈ నిధికీ సంబంధమే లేదు, ఈ రెండు కాగితాలనీ పక్కపక్కన పెట్టి చూసేవాడు ఈ ఊళ్లో పుట్టలేదు. వద్దు పెద్దమ్మా, ఉండనీ, అనాలి. నాలుక మీదే ఉంది. నిరుడు డబ్బు ఆగిపోయిన కుర్రాడు గుర్తొచ్చాడు, వాడి పేరు కూడా తెలియదు. ఒకవేళ, అనుకుంది. ఏమో, ఒకవేళ. పెద్దమ్మ గీత పక్కన ఎవరూ లేరు అని రాసి, సిరా ఆరడానికి నోటితో ఊది, కాగితాలు కవర్లో పెట్టి ఇచ్చింది. టమియా దాన్ని తీసుకెళ్లి సొరుగులో పెట్టింది. సొరుగు మూసింది కూడా.

"సోమవారం నువ్వు రాకు. వచ్చినా లోపలికి పోనివ్వరు, బయట బెంచీ మీద కూర్చోబెడతారు, నీకెందుకా బాధ."

"సరే పెద్దమ్మా."

సోమవారం ఎనిమిదింటికి ఫార్మకాలజీ పరీక్ష ఉంది. దాన్ని ఎలా వాయిదా వేయించాలా అని వారం నుంచి మథనపడుతోంది. ఇక అక్కర్లేదు. గుండెల మీంచి బరువు దిగినట్టయి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది, హాయిగా, ఆ గది నిండా ఉన్న వాసనతో సహా. పెద్దమ్మ కళ్లజోడు తియ్యలేదు, ఈసారి టమియా మొహంలోకే చూస్తోంది.